కొన్ననాటి కారణం

గుడ్లు పొదగేసిన ఇరవయ్యో రోజు ఉదయం చిన్నకోడలు మేడ మీది రేకుల గది తలుపు తీసేసరికి, పొదిగే పెట్టె లోపలి థర్మామీటరు ముప్ఫై తొమ్మిది దాటి ఉంది.

ముప్ఫై ఏడున్నర ఉండాలి. అర డిగ్రీ అటూ ఇటూ అయినా గుడ్డు ఓర్చుకుంటుంది. ముప్ఫై తొమ్మిది మీద గంటల తరబడి ఉంటే లోపలి పిల్ల ఉడికిపోతుంది. ఆమె చెయ్యి ఆలోచనకంటే ముందే వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేసింది. లోపలి ఫ్యాను ఆగిపోయింది. గాజు పలక మీద చెమటలా పట్టిన నీటి చుక్కల వెనుక రెండు వందల నలభై గుడ్లు కదలకుండా ఉన్నాయి. మర్నాటికి పిల్లలు రావాలి. కోళ్ల దాణా అమ్మే దుకాణదారు ఆమెను నమ్మి రెండు వందల పిల్లలు కావాలని చెప్పి ఉంచాడు. అంత పెద్ద ఆర్డరు రావడం అదే మొదటిసారి.

ముప్ఫై ఏడుకు దిగాక ప్లగ్గు మళ్లీ పెట్టి చూసింది. వేడి ఎక్కింది, ఎక్కుతూనే పోయింది. చాలినంత వేడి కాగానే తనంతట తాను ఆగిపోవాల్సిన పెట్టె, ఆగడం మరిచిపోయింది. ముప్ఫై ఎనిమిది దగ్గర మళ్లీ పీకింది. అలా ఒక చేత్తో ప్లగ్గు పట్టుకుని, రెండో చేత్తో మొగుడికి ఫోన్ చేసింది. అతను సరుకు లారీ తోలుకుంటూ మూడు రోజుల దూరంలో ఉన్నాడు.

"కంపెనీ వారంటీ ఏడాదే కదా, అది దాటిపోయి రెండు నెలలైంది," అన్నాడు అతను ఇంజను హోరు మధ్య. "కానీ క్రెడిట్ కార్డు మీద కొన్నది కదా. కార్డువాళ్లు ఇంకో ఏడాది పొడిగించి ఇస్తారని అప్పుడు వదిన చెప్పింది. వదిన్ని అడుగు."

"వదిన్నా?"

"కార్డు ఆవిడదే మరి. నేనడిగినా, నువ్వడిగినా ఆవిడే మాట్లాడాలంటారు. ఎవరి పేరుంటే వాళ్లే అడగాలంట."

చిన్నకోడలు ఫోన్ పెట్టేసి, థర్మామీటరు వైపు చూస్తూ నిలబడింది. కింద వాటాలో ఉండే తన తోటికోడలితో మాట్లాడి నాలుగు నెలలైంది.

పెద్దకోడలు కోర్టులో స్టెనో. సాక్షులు బోనెక్కి చెప్పేదాన్ని ఒక్క మాట అటూ ఇటూ పోకుండా రాయడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. నాలుగు నెలల కిందట ఇంటి ఓనరు వచ్చి, ముందు గదిలో కోడిపిల్లల వ్యాపారం నడుస్తోందా అని అడిగాడు. ఆ సమయంలో చిన్నకోడలు గుమ్మం వెనకాల నిలబడి చేత్తో వద్దు వద్దని సైగ చేస్తూనే ఉంది. పెద్దకోడలు ఆ సైగ చూసింది కూడా. చూసి, "నడుస్తోందండి" అంది. ఇంట్లో అలాంటివి వద్దని ఓనరు పట్టుబట్టడంతో పెట్టె మేడ మీది రేకుల గదికి చేరింది. అప్పట్నుంచీ చిన్నకోడలు నీళ్ల బకెట్లు మోసుకుంటూ రోజుకు ఆరుసార్లు మెట్లెక్కుతోంది. ఇద్దరి మధ్యా మాటలన్నీ అత్తగారి ద్వారానే. అత్తగారు వాటిని ఉన్నవి ఉన్నట్టు మోసేది కాదు. "నీళ్ల మోటారు ఆపమను" అని కింద నుంచి వస్తే, పైకి చేరేసరికి "నీళ్లు నీ సొత్తా అని అడుగుతోందమ్మా" అయ్యేది.

ఇప్పుడు కబురు పంపే వ్యవధి లేదు. చిన్నకోడలు అత్తగారిని పైకి కేకేసింది.

"అత్తయ్యా, ఇక్కడ కూర్చోండి. ఈ గీత దాకా ఎర్రది ఎక్కగానే ప్లగ్గు పీకండి. కింది గీతకి దిగగానే పెట్టండి. ఇంకేం చెయ్యకండి. దణ్ణం పెడతాను, నిద్రపోకండి."

"నేనెప్పుడు నిద్రపోయాను?" అంటూ అత్తగారు కళ్లజోడు సర్దుకుంది.

ఆరోజు కోర్టుకు సెలవు. పెద్దకోడలు వరండాలో కాగితాలు సర్దుకుంటోంది. చిన్నకోడలు మెట్లు దిగి వచ్చి ఎదురుగా నిలబడేసరికి తలెత్తి, మొహం చూసి, చేతిలోవి పక్కన పెట్టింది.

"అక్కా, పెట్టె చెడిపోయింది. వేడి ఆగట్లేదు. రేపు పిల్లలు రావాలి. కార్డువాళ్లకి మీరే ఫోన్ చెయ్యాలంట."

పెద్దకోడలు లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చింది. కొన్న రసీదు, కంపెనీ వారంటీ కార్డు, ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంటు మూడూ ఒకే పిన్నుకు ఉన్నాయి.

మెట్ల మధ్యలో చిన్నకోడలు ఆగింది. గొంతు తగ్గించింది.

"ఒక్క మాట అక్కా. వ్యాపారానికి వాడుతున్నారా అని అడుగుతారేమో. ఇంట్లో వాడుకుంటున్నాం అనండి. అబద్ధం కాదుగా. ఇంట్లోనేగా ఉంది."

"అడిగినదానికి ఉన్నది చెప్తాను," అంది పెద్దకోడలు, మెట్టు ఎక్కుతూ.

చిన్నకోడలికి ఓనరు వచ్చిన రోజు గుర్తొచ్చింది. కానీ వేరే దారి లేదు.

రేకుల గదిలో అత్తగారు కళ్లార్పకుండా ప్లగ్గు పట్టుకుని ఉంది. పెద్దకోడలు ఆ గదిలోకి రావడం అదే మొదలు. చుట్టూ చూసింది. మూలనున్న నీళ్ల బకెట్లు, గోడకు వేలాడుతున్న తేదీల కాగితం, పెట్టె పక్కన మడిచిపెట్టిన చాప, అన్నీ చూసింది. స్టూలు మీద కూర్చుని, ఫోన్ స్పీకరులో పెట్టింది. పదకొండు నిమిషాలు సంగీతం వినిపించాక ఒక ఆడగొంతు పలికింది.

"ఈ కాల్ రికార్డవుతుందండి. మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే."

పుట్టిన తేదీ, కార్డు చివరి నాలుగు అంకెలు, కొన్న తేదీ, రసీదు నంబరు ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. పెద్దకోడలు ఫైలు చూసి ఒక్కొక్కటీ నిదానంగా చెప్పింది. ఆ నిదానానికి చిన్నకోడలు ముళ్ల మీద కూర్చున్నట్టు కదులుతోంది. థర్మామీటరు ముప్ఫై ఎనిమిది. పీకింది.

"వస్తువు ఏంటండి?"

"గుడ్లు పొదిగే పెట్టె."

"సారీ అండి, ఏ పెట్టె?"

"గుడ్లు. కోడిగుడ్లు. కోడి బదులు ఇది పొదుగుతుంది."

అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"సరేనండి. దీన్ని వ్యాపారానికేమైనా వాడుతున్నారా?"

చిన్నకోడలు తోటికోడలి మొహంలోకి సూటిగా చూసింది. ఈసారి సైగ చేయలేదు, చూడడమే.

"వాడుతున్నాం," అంది పెద్దకోడలు. "మా తోటికోడలు ఏడు నెలల్నుంచి ఇందులో పిల్లల్ని పుట్టించి అమ్ముతోంది."

"పిల్లల్నా అండీ?"

"కోడిపిల్లల్ని."

చిన్నకోడలి చేతిలో ప్లగ్గు జారి నేల మీద పడింది. నాలుగు నెలలుగా మింగిన మాటలు నోటిదాకా వచ్చాయి. ఏదో అనబోయింది. అత్తగారు ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"అయ్యో, అలాగైతే ఇది కుదరదండి," అంది అవతలి గొంతు. "వ్యాపారానికి వాడే వస్తువులకి ఈ పొడిగింపు రాదు. నేను క్లెయిమ్ మూసేస్తున్నాను. ఇంకేమైనా..."

"మూయకండి. ఆ నిబంధన చదవండి."

"అదే చెప్పానండి, వ్యాపారానికి..."

"మీ మాటల్లో వద్దు. అందులో ఏ మాటలున్నాయో అవే చదవండి. ఒక్కటి కూడా వదలకండి."

అవతల ఏదో వెతుకుతున్న చప్పుడు. తర్వాత బడిలో పాఠం అప్పజెప్పినట్టు వినిపించింది: "వ్యాపార అవసరాల నిమిత్తం కొనుగోలు చేసిన వస్తువులకు ఈ రక్షణ వర్తించదు."

"కొనుగోలు చేసిన. వాడుతున్న అని ఉందా?"

"...లేదండి."

"మరి నన్ను దేని కోసం కొన్నారని అడగండి. అది అడగకుండా ఎలా మూస్తారు?"

ఆ క్లెయిమ్ ఆఫీసరు వయసులో చిన్నదై ఉండాలి. గొంతు కాస్త తడబడింది. "సరేనండి. ఎందుకు కొన్నారు?"

పెద్దకోడలు ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుంది. థర్మామీటరు వైపు చూసింది గానీ చిన్నకోడలి వైపు చూడలేదు. రోజంతా ఇతరులు చెప్పేది రాసే మనిషి, తను చెప్పడానికి మాటలు వెతుక్కుంటోంది.

"రాసుకోండి," అంది చివరికి. "మా తోటికోడలికి కడుపుతో ఉన్న ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మూడు నెలలు గదిలోంచి బయటికి రాలేదు. తిండి తలుపు దగ్గర పెడితే, తింటే తినేది, లేకపోతే లేదు. ఎవరు పిలిచినా పలికేది కాదు. పెరట్లో బట్టలుతికే చోట పాత బుట్ట ఒకటుంది. అందులో ఎవరిదో కోడి వచ్చి పొదగడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే లేచి, ఆ బుట్ట దగ్గరికి వెళ్లి, చూసి, మళ్లీ వెళ్లి పడుకునేది. ఆ ఒక్కదాని కోసమే లేచేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని. పద్దెనిమిది రోజులు అలా వెళ్లింది. పంతొమ్మిదో రోజు పిల్లి వచ్చి గుడ్లన్నీ పాడు చేసింది. ఈ అమ్మాయి లేవకముందే నేను బుట్ట కడిగి పెట్టాను. కానీ ఏమైందో తనకి తెలిసిపోయింది. మర్నాడు లేవలేదు. ఆరోజు మధ్యాహ్నం కోర్టులో భోజనాల వేళ ఫోన్లో ఈ పెట్టె కొన్నాను. పిల్లి రాలేనిదేదైనా ఉందా అని వెతికితే ఇది కనిపించింది. అందుకు కొన్నాను. అమ్మకానికి కాదు. ఆ అమ్మాయి లేస్తుందని. అయిపోయింది, రాసుకోండి."

చిన్నకోడలికి బుట్ట గుర్తుంది. ఆ రోజు అది తడిగా, ఖాళీగా ఉండడం గుర్తుంది. పెట్టె వచ్చిన రోజున పెద్దకోడలు దాన్ని గుమ్మంలో దింపించి, "తెప్పించాను, వాడుకో" అన్న రెండు మాటలు కూడా గుర్తున్నాయి. అత్తగారి పోరు పడలేక తెప్పించి ఉంటుందని ఇన్నాళ్లూ అనుకుంది.

"పీకమ్మా, ఎక్కింది!" అని అత్తగారు అరిచింది. చిన్నకోడలు ఉలిక్కిపడి ప్లగ్గు పీకింది. దాన్ని నేల మీంచి ఎప్పుడు తీసి మళ్లీ పెట్టిందో ఆమెకే తెలియదు.

ఫోన్లో ఆ అమ్మాయి గొంతు సవరించుకుంది. "మీరు చెప్పింది చెప్పినట్టు రాశానండి. క్లెయిమ్ తెరిచే ఉంచుతున్నాను. మా మెకానిక్ రేపు మధ్యాహ్నంలోపు వస్తాడు. కానీ ఒక్కటి. పెట్టె పైన కంపెనీ అంటించిన సీలు ఉంటుంది. ఆయన చూసేదాకా అది తియ్యొద్దు, పెట్టె విప్పొద్దు. విప్పితే ఇంక నా చేతుల్లో ఉండదండి. దయచేసి."

ఫోన్ పెట్టేశాక పెద్దకోడలు చీర కొంగు దోపుకుని, "నువ్వు వెళ్లి ఏమైనా తినిరా. నేను చూస్తాను," అంది.

చిన్నకోడలు వెళ్లలేదు. ఇద్దరూ పెట్టెకు చెరోవైపు కూర్చున్నారు. ఒకరు అంకె చెప్పడం, ఒకరు ప్లగ్గు తీయడం. ముప్ఫై ఎనిమిది, తీయి. ముప్ఫై ఏడు, పెట్టు. ప్లగ్గు తీసినప్పుడల్లా ఫ్యాను ఆగి, పై అర వేడిగా, కింది అర చల్లగా అయిపోతోంది. నిమిషం నిమిషానికీ ఒక తప్పు జరుగుతున్నట్టే ఉంది. అత్తగారు కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "నా ఉద్యోగం పోయినట్టుంది," అనుకుంటూ కిందికి దిగిపోయింది.

చాలాసేపటికి చిన్నకోడలు నోరు తెరిచింది. "ఆ బుట్ట సంగతి నాకెందుకు చెప్పలేదక్కా? ఇన్నాళ్లలో ఒక్కసారైనా."

"నువ్వడగలేదు. వాళ్లు అడిగారు."

చిన్నకోడలికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. పెద్దకోడలు అంకె చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి పెట్టెలోంచి సన్నగా కిచ్‌మన్న శబ్దం వచ్చింది. గాజుకు మొహం ఆనించి చూస్తే పై అరలో ఒక గుడ్డు మీద నక్షత్రం ఆకారంలో బీట ఉంది. ఇంకాసేపటికి మూడు, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశారు. లోపలి పిల్లలు పెంకును ముక్కుతో పొడుస్తున్నాయి. ఈ స్థితిలో తలుపు తీసి గుడ్లను వేరేచోటికి మార్చడానికి లేదు. తేమ పోయి పొర ఎండిపోతే పిల్ల అందులోనే బిగుసుకుపోతుంది.

మూడున్నరకు వాసన మొదలైంది.

మొదట చిన్నకోడలు పట్టించుకోలేదు. తర్వాత ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు. పెట్టె నెత్తి మీద, వైర్లుండే డబ్బాలోంచి, కాలిన ప్లాస్టిక్ వాసన. చెయ్యి పెడితే రేకు చురుక్కుమంది. ప్లగ్గు పీకారు. ఇక పెట్టే ధైర్యం లేదు. థర్మామీటరు దిగడం మొదలుపెట్టింది.

వీధి చివర ఫ్యాన్లు బాగుచేసే మనిషిని అందరూ స్విచ్చులాయన అంటారు. చిన్నకోడలు చెప్పుల్లేకుండా పరుగెత్తి అతన్ని తీసుకొచ్చింది. అతను వాసన చూసి, డబ్బా మీద వేలితో తట్టి చెప్పాడు.

"లోపల రిలే అతుక్కుపోయిందమ్మా. వేడిని ఆపేదీ పెట్టేదీ అదే. కాలిపోతోంది. నా దగ్గర పాత స్టెబిలైజరుది ఒకటుంది, సరిపోతుంది. పది నిమిషాల పని. కానీ ఈ సీలు చించాలి." స్క్రూడ్రైవరు పట్టుకుని ఆగాడు. "తెరిస్తే వారంటీ పోతుందని రాసి ఉంది. చించమంటారా?"

ముప్ఫై ఆరు.

"వద్దు," అంది చిన్నకోడలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "దుప్పట్లు కప్పుదాం. వేడినీళ్ల సీసాలు పెడదాం. రేపటిదాకా ఎలాగో... అక్కా, మీరంత చెప్పాక ఇప్పుడు చించితే అంతా వృథా అయిపోతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు మీరు..."

"నేను చెప్పింది నిజం. అది ఎక్కడికీ పోదు," అంది పెద్దకోడలు. "లోపలివి పోతాయి. జరుగు."

ఆమె ముందు ఫోన్‌తో సీలును నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసింది. ఫైలు వెనక కాగితం మీద టైము వేసి, వాసన ఎప్పుడు మొదలైందో, వేడి ఎంత ఉందో, ఎవరెవరు ఉన్నారో రాసింది. స్విచ్చులాయన తన పేరు కూడా ఎక్కుతోందని చూసి కాస్త బెదిరాడు. ఆ తర్వాత ఆమె గోరుతో సీలు మూల ఎత్తింది.

"అక్కా, నేను తీస్తాను," అంది చిన్నకోడలు.

"కార్డు నాది. నేనే తీయాలి."

సీలు చిరిగిన చప్పుడు ఆ చిన్న గదిలో పెద్దగా వినిపించింది. డబ్బా తెరిస్తే లోపల అగ్గిపెట్టంత ముక్క ఒకటి సగం నల్లబడి ఉంది. స్విచ్చులాయన దాన్ని ఊడబెరుకుతుంటే, ఇద్దరూ పెట్టె చుట్టూ దుప్పట్లు కప్పి, చేతులతో అదిమి పట్టుకున్నారు. ముప్ఫై అయిదున్నర. ముప్ఫై అయిదు. కిచ్‌కిచ్‌మనే శబ్దాలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. చిన్నకోడలు దుప్పటికి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. స్విచ్చులాయన నోట్లో స్క్రూలు పెట్టుకుని ముక్కుతో గట్టిగా ఊపిరి తీస్తున్నాడు.

"పెట్టండమ్మా ప్లగ్గు," అన్నాడు.

ఫ్యాను తిరిగింది. ముప్ఫై ఆరు అయింది. ముప్ఫై ఏడు. ముప్ఫై ఏడున్నర దగ్గర లోపల టిక్కుమని, వేడి ఎక్కేటప్పుడు వెలిగే ఎర్ర దీపం దానంతట అదే ఆరిపోయింది. ముగ్గురూ ఆ దీపాన్నే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి మళ్లీ టిక్కుమంది, వెలిగింది. ఎక్కడో కింది అరలోంచి ఒక పిల్ల కీచుమంది.

మర్నాడు పదింటికి కార్డువాళ్ల మెకానిక్ వచ్చాడు. అప్పటికి పెట్టెలో నూట ఇరవై దాకా తడి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. అతను వాటిని చూసి ఒక్క క్షణం నవ్వి, తర్వాత చిరిగిన సీలు చూసి మొహం చిట్లించాడు. పెద్దకోడలు తను రాసిన కాగితం ఇచ్చింది. అతను చదివి, "ఇంత వివరంగా ఎవరూ రాయరండి. కానీ సీలు తెరిచి ఉందని నేను రాయాలి," అన్నాడు.

"రాయండి. తెరిచే ఉంది," అంది ఆమె.

సాయంత్రానికి నూట ఎనభై నాలుగు పిల్లలు వచ్చాయి. మిగతా గుడ్లు పలకలేదు. చిన్నకోడలు వాటిలో కొన్నిటిని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ముందురోజు పొద్దున వేడికి పోయాయో, సాయంత్రం చలికి పోయాయో తెలియలేదు. ఒక గుడ్డును చాలాసేపు అరచేతిలోనే ఉంచుకుంది. పెద్దకోడలు తట్ట తెచ్చి పట్టుకుంది. చిన్నకోడలు అందులో ఒక్కొక్కటే పెట్టింది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పెద్దకోడలు పైకి తెచ్చి, నిలబడే చదివింది. సదరు వస్తువు గృహావసరానికే కొనుగోలు చేయబడిందన్న వివరణను అంగీకరిస్తున్నాం, అయితే తనిఖీకి ముందే సీలు తెరిచినందున క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం, అని ఉంది. ఆమె ఒకసారి మళ్లీ రాసి చూసింది. మళ్లీ కాదన్నారు. రెండోసారి కాదన్నాక ఆ ఉత్తరాలను ఫైల్లో పెట్టేసింది. ఆ మొదటి ఉత్తరంలోని మొదటి సగం మాత్రం చిన్నకోడలు ఇంకోసారి చదివించుకుంది.

ఆ ఉత్తరాలకన్నా ముందే, పిల్లలు పుట్టిన రెండో రోజున వాటిని దుకాణానికి తీసుకెళ్లినప్పుడు పెద్దకోడలు కూడా వెంట వచ్చింది. అట్టపెట్టెలు చాలా ఉన్నాయి, ఒక్కదాని వల్ల కాదు. దుకాణదారు మూతలు తీసి పైపైన చూసి, "బాగున్నాయమ్మా, హుషారుగా ఉన్నాయి," అన్నాడు.

"అన్నీ కాదు," అంది పెద్దకోడలు. "ఈ పెట్టెలో ఆరు కాళ్ల మీద సరిగా నిలబడట్లేదు. పుట్టే ముందురోజు వేడి ఎక్కువైంది. రెండు వందలు అన్నాం, పదహారు తక్కువున్నాయి."

చిన్నకోడలు నాలుక కరుచుకుంది. దారిలో ఆ ఆరింటినీ అడుగున పెట్టింది తనే. దుకాణదారు ఆరు పిల్లల్నీ తీసి పక్కన పెట్టి, మిగతావి తీసుకున్నాడు. వచ్చే నెలకు ఇంకో రెండు వందలు చెప్పాడు.

బయటికి వచ్చాక చిన్నకోడలు ఒంటికాలి మీద లేచింది. "ఒక్కరోజైనా నోరు ఊరుకోదా అక్కా మీకు? ఆయన చూడనే లేదు!"

"రేపు చూసేవాడు."

"చూసినప్పుడు చూసుకునేదాన్ని!"

"సరే, అరవకు. పిల్లలు బెదురుతున్నాయి."

నిజమే. చిన్నకోడలి చేతిలోని అట్టపెట్టెలో ఆరు పిల్లలూ ఒక మూలకు ఒదిగి ఉన్నాయి. ఆమె గొంతు తగ్గించింది గానీ పోట్లాట ఆపలేదు. ఇంటిదాకా దారి పొడుగునా ఇద్దరూ వాదించుకుంటూనే నడిచారు.